ఆట యంత్రాలు – భరోసా

వార్షిక సంచికకు తెలుగు శాఖ నుండి ఒక వ్యాసం కావాలన్నప్పుడు సంపాదకవర్గం వారు ఏ ప్రబంధ నాయికను గూర్చో, ఏ శతక కవిని గూర్చో ఆశించి వుంటారు. ఈసారి ఆ ఆశను భంగపరచక తప్పడం లేదు. గత రెండు మాసాలుగా మా మనస్సును ఆక్రమించిన సమస్య వేరు. వీడియో ఆటలాడే యంత్రాలలో టి.వి.కి తగిలించే ఆటపెట్టె, అనగా కన్సోల్, నమ్మదగినదా, కంప్యూటర్ నమ్మదగినదా అన్నది ఆ సమస్య. పిల్లకాయల తగవులే అని పాఠకులు పేజీ త్రిప్పవద్దని మనవి. ఈ తగవులో ఒక రైతు పంట వున్నది.

మా పూర్వ విద్యార్థి ఒకడు చిలకలూరిపేట దగ్గరి పల్లెవాడు. (2022 నుండి అది పల్నాడు జిల్లా, మా నోటికి మాత్రం యింకా గుంటూరే వస్తుంది.) డిగ్రీ ముగించి, హైదరాబాదులో రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, చివరకు పేటలో ఒక గది అద్దెకు తీసుకొని గంటకు యింత అని పుచ్చుకొని ఆటలాడించే దుకాణం పెట్టాలని సంకల్పించాడు. పెట్టుబడి తండ్రి మిరపకాయలు. ధర లేక అవి గుంటూరు కోల్డ్ స్టోరేజిలో మూలుగుతున్నవి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం క్రింద మిరపకు నిర్ణయించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు. ప్లేస్టేషన్ 5 అనే ఆటపెట్టె 2021 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చినప్పుడే దాని ధర 49,990 రూపాయలు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఒక్కొక్క పెట్టెకు నాలుగు క్వింటాళ్ల పైచిలుకు కాయ పోతుంది. టిక్కీల లెక్కన పది దాకా. నారు పోసిన నాటి నుండి కూలీలు ఎండలో వంగి కోసి, కల్లంలో ఆరబోసి, తాలు ఏరి, సంచులకెత్తే దాకా జరిగే శ్రమ ఎంతటిదో ఈ కళాశాలలో చాలామందికి మేము చెప్పనక్కరలేదు.

"సార్, ఏది కొంటే నన్ను నడిబజారులో నిలబెట్టదు?" అని అతడడిగాడు.

నమ్మకమనే ఈ మాట గూర్చి స్టాఫ్ రూములో ఉర్దూ శాఖ మిత్రులతో ప్రస్తావించాము. వారు మందహాసం చేసి, మీ తెలుగులో నమ్మకం ఒక్కటే, మాకు ఏతబార్ వేరు, భరోసా వేరు అన్నారు. చెప్పినది చెప్పినట్లు చేస్తాడన్నది ఏతబార్ అట. చెడ్డ రోజున చేయి విడువడన్నది భరోసా అట. నిఘంటువులు ఇంత నిక్కచ్చిగా విడదీస్తాయా అనే సందేహం మాకున్నది. కాని మా సమస్యకు ఈ విభాగం అందివచ్చినట్లుగా మరొకటి రాలేదు. పైగా భరోసా అనే మాటను మన పల్లెలవారు ఏనాడో తెలుగు చేసుకొన్నారు.

ఏతబార్ విషయంలో ఆటపెట్టెదే పైచేయి అని ఒప్పుకొనవలెను. ఒక తయారీదారు పెట్టెలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటాయి. ఆట తయారు చేసేవాడు ఆ ఒక్క యంత్రం మీద పరీక్షించి చూసుకొంటే కోట్ల ఇళ్లలో అది అదే తీరున నడుస్తుంది. ప్లేస్టేషన్ 2 జపానులో విడుదలయినది 2000లో. అమ్ముడుపోయినవి 15 కోట్లకు పైమాటే. అది వచ్చిన తొమ్మిదేళ్లకు, 2009లో, మన హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ వారు "హనుమాన్: బాయ్ వారియర్" అనే ఆటను దానికొరకే తయారు చేశారు. అదే ఏడు హైదరాబాదు వారే అయిన గేమ్‌శాస్త్ర సంస్థ మన వీధి ఆటలతో "దేశీ అడ్డా"ను అదే పెట్టెకు తెచ్చింది. తొమ్మిదేళ్లనాటి పెట్టె కొత్త ఆటను కాదనలేదు! 2000లో కొన్న కంప్యూటర్‌కు 2009 నాటి పెద్ద ఆటను చూపితే గ్రాఫిక్ కార్డు మార్చమని, ర్యామ్ పెంచమని గొంతెమ్మ కోరికలు కోరేది. ఒకడి కంప్యూటర్‌లో పరుగెత్తిన ఆట పొరుగువాడి కంప్యూటర్‌లో నీలితెర చూపి చతికిలబడేది. ఏ రెండు కంప్యూటర్లూ ఒక్క తల్లి బిడ్డలు కావు మరి.

ఈ ఏతబార్‌కు సయితం మచ్చ పడిన సందర్భాలున్నవి. 2020 డిసెంబరులో వచ్చిన "సైబర్‌పంక్ 2077" పాత పెట్టెల మీద ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే సోనీ వారు దానిని తమ అంగడి నుండి తీసివేసి, మరుసటి ఏడు జూన్ దాకా తిరిగి పెట్టలేదు. అయినా అటువంటివి తక్కువ.

ఇక భరోసా. ఇక్కడ మా అభిప్రాయం మారిపోతుంది.

మా బాల్యం పర్చూరు ప్రాంతంలో గడిచింది. అప్పటికది ప్రకాశం జిల్లా. 1998 ప్రాంతాన వీధికొక ఇంట టి.వి. గేమ్ వుండేది. అది 1983లో జపానులో నింటెండో వారు తెచ్చిన ఫామికామ్ అనే పెట్టెకు నకలు అని చాలా ఏళ్లకు గాని మాకు తెలియలేదు. క్యాసెట్టు పెట్టితే తెర మీద గళ్లు గళ్లుగా వచ్చేది. తీసి, నోటితో ఉఫ్ మని ఊది, మళ్లీ పెట్టితే మారియో గెంతేవాడు. ఆ ఊదడంలో మహిమ లేదు. తీసి పెట్టడంలో అరవై పిన్నులు మళ్లీ సరిగా తగులుకొనేవి, అంతే. నోటి తేమ వాటికి చెరుపే చేసేది. పెట్టె లోపల నల్లని లక్క ముద్ద వంటిది ఒకటి వుండి, ఆట నడిపించే తెలివంతా దాని క్రింద దాగి వుండేది. అది పోతే బాగు చేయగలవాడు లేడు. కాని పెట్టె చవక. సాధారణంగా పోయేది అడాప్టరు మాత్రమే. రేడియోలు బాగు చేసే దుకాణంలో మరొకటి దొరికేది. ఆ పెట్టెను అందరూ నమ్మడానికి కారణం అది గట్టిదని కాదు, పోయినా కొంప మునగదని.

ఈనాటి పెట్టె పోతే పది టిక్కీలు పోయినట్లు. అది ఏ విధంగా పోతుందో చెప్పడానికి ఒక పెద్ద ఉదాహరణ వున్నది. 2005లో అమెరికాలోను, 2006లో మన దేశంలోను విడుదలయిన ఎక్స్‌బాక్స్ 360 పెట్టెలు లెక్కకు మించి చచ్చిపోవడం మొదలుపెట్టినవి. ముందు భాగాన మూడు ఎర్ర దీపాలు వెలిగితే ఆశ వదులుకోవలసిందే. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ వారు ఆ జబ్బుకు పూచీని మూడేళ్లకు పెంచి, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు తలకెత్తుకొన్నారు. పెట్టె వెలిగినప్పుడు వేడెక్కి, ఆపినప్పుడు చల్లబడి, ఆ సాగుడు ముడుగుడులకు లోపలి సన్నని అతుకులు తెగేవని 2021లో ఆ సంస్థవారే ఒక చిత్రంలో వివరించారు. వెలిగించడం, ఆపడం! మన పల్లెలలో ఆ పని మనం చేయనక్కరలేదు, కరెంటే చేసి పెడుతుంది. మోటార్లన్నీ ఒక్కసారి లేస్తే దీపాలు మినుకుమంటాయి. ఆపైన రెంటచింతల ఎండలు. ఆపైన దుమ్ము. జిన్నింగ్ మిల్లుల దూది నూగు ఫ్యాను రెక్కలకు చుట్టుకొంటుంది. మిరప యార్డు వైపు దుకాణాలలో బాగుచేసేవాడు కంప్యూటర్ మూత తీసి బ్లోయరు పెట్టగానే ముందు తుమ్మేది అతడే.

అయితే మూత తీయగలుగుతున్నాడు, అది గమనించవలెను. కంప్యూటర్ నిత్యరోగి. వారానికొక మూలుగు. ర్యామ్ కదిలిపోతుంది, ఊడబీకి పెన్సిలు తుడిచే రబ్బరుతో దాని బంగారు అంచులు రుద్ది మళ్లీ గుచ్చితే లేచి కూర్చుంటుంది. ఈ వైద్యం ఏ గ్రంథంలో మొదట వ్రాశారో తెలియదు గాని మన బజారులలో దానిని ఎరుగని కుర్రవాడు లేడు. ఎస్.ఎం.పి.ఎస్. కాలితే మరొకటి తగిలిస్తారు. థర్మల్ పేస్టు ఎండితే క్రొత్తది పూస్తారు. 2024లో ఇంటెల్ వారి 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి తీసుకొని ఆటల మధ్య కూలిపోసాగినవి. సంస్థవారు పూచీని రెండేళ్లు పెంచారు. పెద్ద జబ్బే. కాని మార్చవలసినది ప్రాసెసర్ ఒక్కటే. తక్కిన కంప్యూటర్ అలాగే మిగిలింది. ఆటపెట్టెలో తెలివితేటలన్నీ ఒక్క పలక మీద అతికి వుండడం చేత, ఒక అవయవం పోతే శరీరమంతా పంపవలసి వస్తుంది, అదీ చాలాసార్లు హైదరాబాదుకో అంతకంటె దూరానికో. పంపిన పెట్టె తిరిగి వచ్చేదాకా దుకాణంలో ఆ కుర్చీ ఖాళీ. అద్దె మాత్రం ఖాళీ వుండదు.

మరొక మాట. ఇప్పటి ఆటలు చాలావరకు దూరాన ఎక్కడో వున్న యంత్రాలతో ముడిపడినవి. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌పై దాడి జరిగి ఇరవై మూడు రోజుల పాటు మూతపడినది. అప్పటి ఖాతాలు ఏడు కోట్ల డెబ్బయి లక్షలు. 2025 ఫిబ్రవరిలో మరొకసారి దాదాపు ఒక రోజు ఆగింది. పెట్టె నిక్షేపంగా వున్నది, ఆట లేదు! కంప్యూటర్‌కూ ఈ బాధ తప్పదు. అయితే ఒక అంగడి మూతపడితే మరొక అంగడి వున్నది. లేదంటే నాలుగు కంప్యూటర్లను తీగతో కలిపి కుర్రవాళ్లు తమలో తాము కౌంటర్ స్ట్రైక్ ఆడుకొంటారు. ఒకప్పుడు గుంటూరు నెట్ సెంటర్లలో మా ఈడువారు చేసినది అదే.

మొబైల్ ఫోనులో ఆడుకొనేవాడు దుకాణానికి ఎందుకు వస్తాడనే ప్రశ్న వున్నది. దానికి జవాబు మా శిష్యుడే చెప్పాలి. చెప్పాడు కూడా: పెద్ద తెర, ప్రక్కన స్నేహితుడు. మాకు తృప్తిగా తోచింది.

మేమిచ్చిన సలహా యిది. ఇంట్లో ఒక్కడే కూర్చొని ఆడేవాడికి, కరెంటు నిలకడగా వున్న ఊళ్లో, ఆటపెట్టెను మించినది లేదు. కొని, తగిలించి, ఆడుకోవచ్చు. పేటలో దుకాణం పెట్టేవాడికి, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టగలవాడికి, కంప్యూటర్లు. ఫుట్‌బాల్ ఆటకు జంటలుగా వచ్చే పిల్లల కోసం ఆటపెట్టె ఒక్కటి, అంతే. అది పోయినా తక్కిన కుర్చీలు నడుస్తాయి.

అతడు విని తండ్రికి ఫోను చేశాడు. ఆ పెద్దాయనకు కన్సోల్ అన్నా కంప్యూటర్ అన్నా ఒకటే. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం మాకు స్పష్టంగా వినిపించింది: "చెడిపోతే మనూళ్లో బాగు చేసేవాడున్నాడా?" వున్నాడని శిష్యుడు చెప్పాడు. సగం టిక్కీలు అమ్మడానికి ఆయన ఒప్పుకొన్నాడు. మిగతా సగం ధర కోసం ఆగుతాడట. నాలుగు కంప్యూటర్ల బేరం కుదిరింది. స్టెబిలైజర్ బేరం ఇంకా సాగుతున్నది. అమ్మేవాడు ఒక మాట మీద నిలబడడం లేదు.