నారుమడి గట్టు మీద

2024 మే 19, ములకలపల్లి

అడవి అంచున ఎండ మాడుస్తోంది. కొట్లో అజోస్పైరిల్లం జీవన ఎరువు ప్యాకెట్లు రేకుల కప్పు కింద, పురుగుమందు డబ్బాల పక్కన పేర్చి ఉన్నాయి. గడువు తేదీ దాటలేదు. కానీ తేదీ ఒక్కటే చూస్తే ఎలా? పొడి జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలని ప్రభుత్వ నిబంధన. ఈ వేడిలో అన్ని బతుకుతాయా? లోపలి గదిలో, నీళ్ల కుండ దగ్గర పెట్టమని చెప్పి వచ్చాను.

జూన్ 8

మృగశిర వచ్చింది. వంగ నారు పోశాం. కిలో విత్తనానికి 10 గ్రాముల సూడోమోనాస్ బాక్టీరియా పొడి. చల్లారిన గంజితో కలిపితే బాగా అంటుకుంటుంది. గంజి వేడిగా ఉంటే అన్నీ చస్తాయి.

జూన్ 23

ఎకరాకు 2 కిలోల ఫాస్ఫోబాక్టీరియా, 200 కిలోల చివికిన పెంట. కలిపి చింతచెట్టు నీడన కుప్ప వేసి, తడి గోనెపట్టాలు కప్పాం.

మా ఎర్ర చెలకల్లో ఏళ్లుగా డీఏపీ కుమ్మరించాం. అందులోని భాస్వరం చాలా భాగం ఇనుముతో ముడిపడి మొక్కకు అందకుండా మట్టిలోనే ఉండిపోయింది. ఈ బాక్టీరియా వదిలే ఆమ్లాలు ఆ ముడి విప్పుతాయి. అయితే వాటికీ తిండి కావాలి, ఆ తిండి పెంటలో ఉంది. పశువుల్ని అమ్ముకుని ప్యాకెట్లు కొనుక్కుంటే ఏం లాభం? ఎవరడిగినా నేను చెప్పేది ఇదే.

జూలై 12

నాట్లు. సాయంత్రం, ఎండ వాలాక. లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ కలిపి, అందులో నారు వేర్లు అరగంట ముంచాం.

"ఇదేం మందన్నా, వాసనే లేదు?" అంది నాటు వేసే ఆమె.

"మందు కాదక్కా, ప్రాణమున్నవి."

ఆ మాట విని బేసిన్‌ను తనే నీడలోకి జరిపింది.

ఎర్ర మట్టిలో ఇనుము బోలెడుంది, కానీ తుప్పులాగా కరగకుండా పడి ఉంటుంది. సూడోమోనాస్ పసుపుపచ్చటి పదార్థం ఒకటి వదిలి ఆ ఇనుమును పట్టి తెచ్చుకుంటుంది. వేరు కుళ్లబెట్టే బూజులకు ఇక దొరకదు. 1980లో అమెరికాలో క్లోపర్ బృందం బంగాళాదుంప వేర్ల మీద ఈ సంగతి చూపించింది. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

జూలై 29

కోయగూడెం చెలకలో జొన్నతో పాటు బొబ్బర్లు వేశారు. ఒక మొక్క పీకి చూశాను. వేరు పక్కన అతుక్కుని బుడిపెలున్నాయి, వేలితో తోస్తే రాలిపోయాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు. ఆ రంగుంటే గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తున్నట్టే. మన వంగ, బెండ వేర్లకు నులిపురుగు వల్ల వచ్చే బుడిపెలు ఇలా రాలవు, వేరు తానే ఉబ్బిపోతుంది.

ఆ చెలకలో ఎవరూ ఏ ప్యాకెట్టూ చల్లలేదు. పప్పుజాతిని కలిపి చల్లే పెద్దల అలవాటే ఆ పని చేసింది.

సెప్టెంబర్ 5

మొన్న ఆదివారం మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచేసింది. ఇక్కడ మా దిగువ మడిలోనూ నీళ్లు నిలిచాయి. గాలి ఆడని మట్టిలో ఉన్న నత్రజని కూడా వాయువై పోతుంది, ఆకులు పాలిపోయాయి. కాలువ తీసి నీళ్లు వదిలాం.

అక్టోబర్ 20

మిరప రైతు ఒకాయన అడిగాడు, ఈ సూడోమోనాస్‌తో నల్ల తామరపురుగు పోతుందా అని. 2021-22లో ఆ పురుగు ఖమ్మం మిరప తోటల్ని ఎలా తినేసిందో మరిచిపోలేం. పోదని చెప్పాను. లేని ఆశ పెడితే రేపు ఉన్న మేలును కూడా నమ్మరు.

అక్టోబర్ 27

దిగువ మడిలో వంగ మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోయాయి. ఒక కాండం కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టాను. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి దారం కిందికి జారింది. బాక్టీరియా ఎండు తెగులే. మట్టిలో ఇదీ ఉంది మరి. వేర్లకు పట్టించిన సూడోమోనాస్ ఆ ముంపులో దీన్ని ఆపలేకపోయింది. మెరక మడి మాత్రం కాపు మీదుంది.

వాలిన మొక్కల్ని పీకి తగలబెట్టాం. వచ్చే ఏడు దిగువన వంగ, టమాటా, మిరప ఏవీ వద్దు, మొక్కజొన్న వేద్దామనుకున్నాం. పెంట ఇప్పటి నుంచే పోగెయ్యాలి.