మబ్బుకి ఒకే అర్థం లేదు

మేఘం అంటే విరహం, ఆకుపచ్చ అంటే ఆశ, తెలుపు అంటే స్వచ్ఛత. పిల్లలు పరీక్ష కోసం ఇలాంటి జాబితాలు బట్టీపడుతుంటే నాకు దివిసీమ గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న అక్కడ వచ్చిన ఉప్పెనని చూసిన ఊళ్లలో కార్తీకమాసపు మబ్బు కాళిదాసు చెప్పిన విరహపు మేఘం కాదు. అక్కడ అది భయం, పోయినవాళ్ల తలపు.

ఘంటసాల మండలంలోని శ్రీకాకుళం ఆ దివిసీమకి దగ్గరే. ఈ ఊళ్లోనే ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి కావ్యం రాయమన్నాడని శ్రీకృష్ణదేవరాయలు చెప్పుకున్నాడు. ఆ 'ఆముక్తమాల్యద'లో, తెల్లవారుజామున పొలం కాలవలో రెక్కల్లో తలదూర్చి నిద్రపోతున్న బాతుల్ని, స్నానానికొచ్చినవాళ్లు మర్చిపోయిన బట్టలనుకుంటారు కావలివాళ్లు. తీయబోతే అవి పరుగెత్తుతాయి, చేను కాసే ఆడవాళ్లు నవ్వుతారు. వర్ణన విల్లిపుత్తూరుదే అయినా, గుడివాడ వైపు కాలవగట్ల మీద పెరిగినవాళ్లకి ఆ బాతుల తెలుపుని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. రాయలవారి వానాకాలంలోనూ కనిపించేవి తడిసిన కట్టెలు, రాజుకోని పొయ్యి, పొగ నిండిన ఇల్లు. చూసినదాన్ని అంత నిజంగా చూశాడు కాబట్టే అందులోంచి భావం పుట్టింది.

తెలుగు మాస్టార్లకీ అమ్మానాన్నలకీ ఒక మనవి. ఋతువర్ణన పద్యం చెప్పేముందు, ఆ నెలలో మన చేలు ఏ రంగులో ఉంటాయో పిల్లల్ని అడగండి. వాళ్లు చెప్పే జవాబు నుంచే పాఠం మొదలుపెట్టండి.