పదడుగుల మోజు

మా నాయన ఆదోనిలో బోర్డులు రాసేవాడు. పత్తి మార్కెట్ యార్డు దగ్గర చాలా దుకాణాల పేర్లు ఆయన చేతిరాతే. ఫ్లెక్సీలొచ్చాక కుంచెకు పని పోయింది. నేను ఆర్డర్లు పట్టి, కర్నూలులో అచ్చు వేయించి తెచ్చేవాణ్ణి. చివరికి సొంత మిషన్ కొందామనుకున్నాం. అమ్మ గాజులు బ్యాంకులో పెడితేగానీ డబ్బు కుదరదు.

నాకేమో పదడుగుల సాల్వెంట్ ప్రింటర్ మీద మనసు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పెద్ద పెద్ద స్వాగత బ్యానర్లు కొట్టొచ్చని ఆశ. నాయన ఒక్క మాటన్నాడు: "జాతర ఏడాదికొకసారి. తక్కిన దినాలు ఆ మిషన్‌కు పనేదిరా?"

ఆ రాత్రి ఆర్డర్ల పుస్తకం ముందేసుకున్నాను. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, దుకాణం బోర్డులు... రెండు పక్కలా ఆరడుగులు దాటినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రోలు పొడవునా అచ్చు పడుతుంది కాబట్టి పదడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు బ్యానర్‌కూ ఆరడుగుల మిషనే చాలు. పైగా ఊరికే ఉంచితే హెడ్‌లోని సన్నటి రంధ్రాల్లో సిరా ఎండి పూడుకుపోతుంది. హెడ్ మార్చాలంటే వేలకు వేలు. సాల్వెంట్ ఘాటు సరేసరి, మా ఇల్లు దుకాణం వెనకే.

ఆరడుగుల ఎకో సాల్వెంట్ మిషన్ తీసుకున్నాం. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు మాత్రం గుండె ఝల్లుమంది. పూత వేసిన గుడ్డమీదా ఇది అచ్చు వేస్తుందని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాం.

ఇప్పుడు నాయన కంప్యూటర్ పక్కన కూర్చుని "ఆ అక్షరం లావు చెయ్, రోడ్డవతలికి కనబడాల" అంటాడు.

గాజులు ఇంటికొచ్చాయి. వేసుకుంటూ అమ్మ అన్నది ఒకటే: "ఈసారి ఏం కొన్నా ముందు మీ నాయన్ను అడుగు."