మారియో నోటు పుస్తకం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు మా బ్యాచ్‌లో ఏడుగురం ఒకచోట కూర్చున్నాం. చదువు గురించి, క్రమశిక్షణ గురించి, కష్టపడి పైకి రావడం గురించి రాయడానికి మాకంటే పెద్దవాళ్ళు ఉన్నారు. మేం మాత్రం మా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు గురించి, దాన్ని సగమైనా దిద్దుకోవడానికి ఇన్నేళ్ళకు చేసిన ఒక చిన్న పని గురించి రాద్దామనుకున్నాం. మొదట్లో నవ్వు రావచ్చు. అయినా చివరిదాకా చదవండి తమ్ముళ్ళూ.

మాది 2003-04 పదో తరగతి బ్యాచ్. అప్పట్లో బస్టాండు వెనక సందులో ఒక వీడియో గేముల షాపు ఉండేది. రేకుల షెడ్డు, రెండు పాత టీవీలు, రూపాయికి పది నిమిషాల ఆట. క్యాసెట్ మీద వేల ఆటలున్నట్టు రాసి ఉండేది గానీ, తిప్పి తిప్పి చూస్తే అవే పదో పదిహేనో. టీవీకి తగిలించే ఆ డబ్బాలు 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ అమ్మకానికి పెట్టిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’కు నకళ్ళని మాకప్పుడు తెలియదు. మాకు తెలిసినవి రెండే పేర్లు: మారియో, కాంట్రా.

సబ్బుకూ నూనెకూ ఇచ్చే కాస్మొటిక్ చార్జీల్లోంచి మిగుల్చుకున్న రూపాయితో ఆదివారం అక్కడికి పరుగెత్తేవాళ్ళం. మాలో ఒకడి దగ్గర ఆ రూపాయి కూడా ఉండేది కాదు. వచ్చిన డబ్బులు వచ్చినట్టే ఇంటికి పంపేవాడు. షాపుకి మాత్రం మాతో పాటు వచ్చి, ఆడేవాళ్ళ వెనక నిలబడి కళ్ళార్పకుండా చూసేవాడు. వాణ్ణి ‘మారియో’ అనే పిలిచేవాళ్ళం. ఇక్కడా ఆ పేరే వాడుతున్నాం.

మారియో చూసిందంతా రాత్రి స్టడీ అవర్‌లో రాసేవాడు. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం నోట్సును తిరగేసి, వెనక మిగిలిన తెల్ల కాగితాల మీద పెన్సిలుతో బొమ్మలు వేసి, పక్కన తెలుగులో దారి రాసేవాడు. ఆ ఆటలో ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు మెట్లు, మొత్తం ముప్పై రెండు. ఒకటో లోకం రెండో మెట్టులో ఇటుకలు పగలగొట్టి కప్పు మీదికెక్కి, బయటికి పోయే గొట్టం దాటి ఇంకా ముందుకు నడిస్తే మూడు గొట్టాలు కనిపిస్తాయని, వాటిలోంచి నేరుగా నాలుగో లోకం దాకా పోవచ్చని మాకు మొదట చెప్పింది ఆ నోటు పుస్తకమే. నాలుగో లోకం కోటలో దారి తప్పితే నడిచిన చోటే మళ్ళీ మళ్ళీ నడవాలి. అక్కడ ఎప్పుడు పైకి ఎక్కాలో, ఎప్పుడు కిందికి దిగాలో బాణం గుర్తులు వేశాడు. కాంట్రాలో ముప్పై ప్రాణాలు రావడానికి నొక్కాల్సిన వరుస, పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ, అట్ట లోపలివైపు ఎక్కంలా రాసి పెట్టాడు.

గైడు అంటే మాకు తెలిసింది పరీక్షల గైడే. ఆ ఏడాది మాత్రం హాస్టల్లో పరీక్షల గైడు కంటే ఆ నోటు పుస్తకానికే గిరాకీ ఎక్కువ. ఆదివారం దాన్ని తీసుకెళ్ళినవాడు మారియోకి రెండు నిమిషాలు ఆట ఇవ్వాలి. అదీ ఒప్పందం.

తొమ్మిదో తరగతి అయిపోయాక వాళ్ళ నాన్నకు నడుం పడిపోయింది. మారియో తాపీ పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నోటు పుస్తకం మా చేతిలో పెట్టి, “జాగ్రత్తగా ఉంచండ్రా, మళ్ళొస్తా” అన్నాడు.

పదో తరగతి పరీక్షలు రాసిన మర్నాడు పాత పుస్తకాలన్నీ ఒక మూటగా కట్టాం. నోట్సులు, గైడులు, రీడింగ్ రూము బీరువాలో మూలుగుతున్న పాత హాస్టల్ సంచికలు కూడా అందులోనే పడేశాం. పాత కాగితాలు కొనేవాడు కాటా వేసి ఇచ్చిన డబ్బుతో సినిమాకి వెళ్ళాం. మారియో నోటు పుస్తకం ఆ మూటలోనే పోయింది. సినిమా పేరు మాకు ఇప్పటికీ గుర్తుంది. పుస్తకం పోయిందని మాత్రం ఆ రోజు ఎవరికీ తట్టలేదు.

2024లో మా బ్యాచ్ ఇరవై ఏళ్ళ కలయికకు మారియో వచ్చాడు. ఇప్పుడు మేస్త్రీ, కింద పది మంది పనివాళ్ళు. పక్కన పదకొండేళ్ళ కొడుకు, చేతిలో ఫోన్లో ఏదో ఆట. భోజనాల దగ్గర ఆ పిల్లవాడు మమ్మల్ని అడిగాడు: “మా నాన్న ఆటల మీద పుస్తకం రాశాడంట, నిజమేనా అంకుల్?” మారియో నవ్వుతూ, “వీడు నమ్మట్లేదురా. ఆ నోటు పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా?” అన్నాడు.

ఆ రోజు అన్నం మాకెవరికీ సరిగా సహించలేదు.

మాలో ఒకడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. కనీసం ఆ కాంట్రా వరుస ఎక్కడైనా అచ్చులో దొరుకుతుందేమోనని వెతకడం మొదలుపెట్టాడు. వాడికి దొరికింది చూసి మేమందరం ఆశ్చర్యపోయాం. మారియో పెన్సిలుతో రాసినలాంటి పుస్తకాలు, పత్రికలు ఇతర దేశాల్లో రంగుల్లో అచ్చయ్యాయి. జపాన్‌లో 1985లోనే మారియో ఆటకు దారి చూపే పుస్తకం వచ్చి, అక్కడ ఎక్కువగా అమ్ముడైన పుస్తకాల్లో చేరింది. 1986లో అక్కడ ‘ఫమిట్సు’ అనే ఆటల పత్రిక మొదలైంది. అమెరికాలో 1988 నుంచి 2012 దాకా ‘నింటెండో పవర్’ పత్రిక 285 సంచికలు వచ్చింది. వాటిలో ఆటల పటాలు, మెలకువలు, రాబోయే ఆటల కబుర్లు ఉండేవి. పిల్లలు సాధించిన స్కోర్లు వాళ్ళ పేర్లతో వేసేవారు. పిల్లలు ఉత్తరాల కవర్ల మీద గీసి పంపిన బొమ్మలు కూడా అచ్చు వేసేవారు.

అక్కడ కూడా వాటికి మన దగ్గర పట్టిన గతే పట్టింది. ఆట పాతబడగానే పత్రిక చెత్తబుట్టలోకి పోయింది. ఆటల గైడులు అచ్చువేసే పెద్ద సంస్థ ప్రైమా గేమ్స్ తన అచ్చు పుస్తకాలు ఆపేస్తున్నట్టు 2018లో ప్రకటించింది. ఇంటర్నెట్‌లో అన్నీ దొరుకుతుంటే గైడు కొనేదెవరు? కానీ ఒక ఆట ఎప్పుడొచ్చింది, ఎంతకు అమ్మారు, చెప్పి కూడా విడుదల చెయ్యని ఆటలేవి, అప్పటి పిల్లలు ఏమనుకున్నారు అని తెలుసుకోవాలంటే ఆ పాత కాగితాలే ఆధారం. ఆటల సంగతి ఇంకా అన్యాయం. అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఇప్పుడు బజారులో కొనడానికి దొరకవని 2023లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ అధ్యయనం చేయించిన వాటిలో ‘వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్’ ఒకటి. ఫ్రాంక్ సిఫాల్డీ అనే ఆయన 2017లో పెట్టిన సంస్థ అది. వాళ్ళు 2025 జనవరిలో తెరిచిన డిజిటల్ గ్రంథాలయంలో 1500కు పైగా పాత ఆటల పత్రికల సంచికలున్నాయి. ఏ మాట కావాలన్నా టైపు చేసి వెతుక్కోవచ్చు. వాళ్ళ కంటే చాలా ముందునుంచే, ఏ జీతమూ లేని మామూలు మనుషులు ఇళ్ళలో కూర్చుని పేజీ తరవాత పేజీ స్కాన్ చేస్తూ వచ్చారు.

అందులోనూ చిక్కులున్నాయి. పత్రికల మీద హక్కులు కంపెనీలవి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఎవరో పెట్టిన నింటెండో పవర్ సంచికలను ఆ కంపెనీ అభ్యంతరం చెప్పడంతో 2016లో తీసేశారు. దాచినది ఒక్కచోటే ఉంటే అది దాచినట్టు కాదని మాకు అక్కడే అర్థమైంది.

ఇదంతా చదివాక మాకు ఒక సంగతి గుర్తొచ్చింది. 2003 హాస్టల్ సంచికలో మారియో ఒక పేజీ రాశాడు. ‘మారియో ఆటలో మెలకువలు’ అని. నోటు పుస్తకం పోయినా ఆ పేజీ అచ్చులో ఉంది కదా! ఎక్కడో ఒకచోట ఒక ప్రతి ఉండాలి. బీరువాలో ఉన్నవి మేమే అమ్మేశాం. అచ్చువేసిన డీటీపీ సెంటరు ఎప్పుడో మూతపడింది. పాత సీడీ ఒకటి దొరికింది గానీ, అప్పట్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన ఫైళ్ళు అవి. ఇప్పటి కంప్యూటర్లో తెరిస్తే తెలుగు అక్షరం ఒక్కటి కూడా కనిపించలేదు, అన్నీ పిచ్చి గుర్తులే. యాభై ఇళ్ళకు ఫోన్లు చేశాం. ఎవరి దగ్గరా లేదు.

చివరికి దొరికింది మన కామాటి తాత ఇంట్లో. రిటైరై చాలా ఏళ్ళయింది. ఇనప్పెట్టెలో కొత్త ధోవతి కింద పెట్టుకున్నాడు. “నాకు చదువు రాదయ్యా. అందులో మీ అందరితో పాటు నా ఫోటో కూడా వేశారు, అందుకే దాచుకున్నా” అన్నాడు. మేం చదువుకున్నవాళ్ళం తూకానికి అమ్మేశాం. చదువు రాని తాత దాచాడు.

అట్ట లేదు. పిన్నులు తుప్పు పట్టాయి. కింది మూల చెద తిన్నది. “కుట్టు కోసేస్తే అర గంటలో అయిపోతుంది” అన్నాడు జిరాక్సు షాపు కుర్రాడు. రెండు మూడు ప్రతులున్న పత్రికలకు అక్కడివాళ్ళూ అలాగే చేస్తారట, జిగురు కరిగించి కాగితాలు విడదీసి యంత్రంలో పెడతారు. మాకున్నది ఒక్కటే ప్రతి, అదీ తాతది. మేం ఒప్పుకోలేదు. పిన్నులు మెల్లగా విప్పి, ఒక్కో కాగితం మెత్తటి బ్రష్‌తో దులిపి, స్కానర్ అద్దం మీద పరిచి 600 డీపీఐలో తీశాం. కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తున్నాయి. పైన నల్ల కాగితం వేసి మూస్తే తగ్గాయి. అచ్చులో ఫోటోలు చిన్న చిన్న చుక్కలతో ఉంటాయి కదా, స్కాన్ చేస్తే చీర నేతలా గళ్ళు పడతాయి. దానికో సర్దుబాటు ఉందని నేర్చుకున్నాం. అసలు ఫైళ్ళు టిఫ్‌లో ఉంచి, అందరికీ పంచడానికి పీడీఎఫ్ చేశాం. బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివిస్తే తెలుగు ఒత్తుల దగ్గర తడబడింది. రాత్రుళ్ళు కూర్చుని మేమే దిద్దాం.

మారియో పేజీ 27వది. ఏడో లోకం దాకా బాగానే ఉంది. ఎనిమిదో లోకం చెద తినేసింది. ఫోన్ చేసి అడిగాం. సిమెంటు కలుపుతున్న చప్పుడులోనే ఆగకుండా చెప్పుకుపోయాడు. ఆఖరి కోట దగ్గర మాలో ఒకడు అడ్డొస్తే, “ఆ గొట్టం కాదురా, దాని ముందుది” అని కసిరాడు. ఇరవై ఏళ్ళు అయింది, అయినా మర్చిపోలేదు. చెప్పినదంతా వేరే కాగితం మీద టైపు చేసి ఆ పేజీ తరవాత పెట్టాం. చెద తిన్న చోటును మాత్రం నింపలేదు. ఏది పోయిందో కూడా చదివేవాళ్ళకు కనిపించాలి.

మారియో కొడుక్కి ఆ పేజీ పంపాం. తాత సంచిక తాతకు తిరిగి ఇచ్చి, ఆయన ఫోటో పెద్దది చేయించి ఇచ్చాం. నోటు పుస్తకం మాత్రం రాదు. పిల్లవాడికి చూపించడానికి మా దగ్గర ఉన్నది ఒక్క పేజీ. వంద పేజీలు ఉండాల్సింది.

మన తెలుగు పుస్తకాలకు ఈ పని కొంత జరిగింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారి చొరవతో 2000ల మొదట్లో పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసే ప్రాజెక్టు మొదలైంది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ అందులో పాలుపంచుకుంది. కానీ అలాంటి పెద్ద పనుల కళ్ళకు హాస్టల్ సంచిక ఆనదు. అది మనం చెయ్యాల్సిందే.

అందుకే తమ్ముళ్ళూ, ఇది మా మనవి. ఇప్పటికి 2003 సంచిక ఒక్కటే దొరికింది. అంతకుముందువీ తరవాతివీ ఎవరి ఇంట్లో, ఏ ట్రంకు పెట్టెలో ఉన్నా చెప్పండి. మేమే వచ్చి స్కాన్ చేసి, మళ్ళీ మీ చేతికే ఇస్తాం. ఈ సంచికను బీరువాలో రెండు ప్రతులు, ఊరి గ్రంథాలయంలో ఒకటి ఉంచమని వార్డెన్ గారిని అడిగాం, సరేనన్నారు. గ్రూపు ఫోటో వెనక అందరి పేర్లూ రాయండి, వంటవాళ్ళ పేర్లు, వాచ్‌మన్ పేరు కూడా. పరీక్షలయ్యాక పాత పుస్తకాలు అమ్ముకోండి, తప్పు లేదు. అమ్మేముందు మాత్రం ఒక్కసారి మూట విప్పి, ప్రతి నోటు పుస్తకం వెనక పేజీలు తిరగెయ్యండి.

మీలో ఎవడో ఒక మారియో ఇప్పుడు కూడా స్టడీ అవర్‌లో ఏదో రాస్తూనే ఉంటాడు.

— 2003-04 పదో తరగతి పూర్వ విద్యార్థులు