రేణుక తల, మాదిగామె పెయ్యి

పితృవాక్య పరిపాలన అంటే ఏమిటో మాకు డిగ్రీ మొదటి సంవత్సరంలో చెప్పారు. రెండు ఉదాహరణలు ఇచ్చారు. తండ్రి మాట కోసం అడవికి పోయిన రాముడు ఒకటి, తండ్రి మాట కోసం తల్లి తల నరికిన పరశురాముడు రెండోది. రెండూ బోర్డు మీద పక్కపక్కనే రాశారు. అడవికి పోవడం, అమ్మను నరకడం ఒకే లెక్కలో పడ్డాయి. క్లాసులో అందరం రాసుకున్నాం. పరీక్షలో కూడా వచ్చింది.

మా ఇంట్లో నాకంటే ముందు పదో తరగతి దాటినోళ్ళు లేరు. మా నాయిన ఊరు దేవరకొండ దిక్కు, అమ్మమ్మోళ్ళది గద్వాల దిక్కు. మా ఇంటికి పుస్తకం నాతోనే వచ్చింది గాని ఈ కథ మాత్రం పుస్తకంతో రాలేదు. ఎల్లమ్మ పండుగకు బైండ్లోళ్ళు జమిడిక వాయించుకుంట పొద్దుగూకి మొదలుపెడితే తెల్లారేదాకా చెప్పేది ఈ కథే. రేణుకే మా ఎల్లమ్మ. అందుకే ఆ బోర్డు దిక్కు చూస్తుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది.

ముందు పుస్తకంలో ఏముందో చెప్తాను. భారతం అరణ్యపర్వంలో ఉంది, భాగవతం నవమ స్కంధంలో ఉంది. రేణుక నీళ్ళకాడికి పోయింది. చిత్రరథుడు ఆడవాళ్ళతో జలక్రీడలాడుతుంటే చూసింది. మనసు కొంచెం కదిలింది. అంతే, ఆమె చేసింది ఇంకేం లేదు. జమదగ్ని కొడుకుల్ని పిలిచి అమ్మను చంపమన్నాడు. భారతం ప్రకారం రుమణ్వంతుడు, సుషేణుడు, వసువు, విశ్వావసువు అని నలుగురు ఆ పని చెయ్యలేదు. చెయ్యనందుకు తండ్రి శపించి వాళ్ళను పశుపక్ష్యాదుల లెక్క తెలివి లేనోళ్ళను చేశాడు. ఐదోవాడు గొడ్డలి ఎత్తాడు. తల్లి మీద చెయ్యి ఎత్తనోళ్ళు నలుగురున్నారని మా క్లాసులో ఎవరూ చెప్పలేదు. మన చదువు చంపినోడి పేరే నేర్పింది.

తండ్రి సంతోషించి వరాలిచ్చాడు. అమ్మ బతకాలన్నాడు కొడుకు. ఇంకొకటి కూడా అడిగాడు. తనను చంపిన సంగతి ఆమెకు యాది ఉండొద్దని.

నేను ఎన్నిసార్లు చదివినా ఇక్కడే ఆగిపోతాను. ఆమె నిద్ర లేచినట్టు లేచింది. అదే మొగుడు, అదే కొడుకు, అదే గొడ్డలి మూలకు. మళ్ళా నీళ్ళకే పోయి ఉంటది. యాది లేకపోవడం ఎవరికి వరం? మా వాడల పంచాయితీలు నేను చిన్నప్పటినుంచి చూస్తున్న. మొగడు తల పగలగొడితే కట్టు కట్టుకొని వచ్చిన ఆడిదానికి పెద్దమనుషులు చెప్పే తీర్పు ఇదే. "అయిందేదో అయింది, మర్చిపో బిడ్డా, కాపురం చేసుకో." పరశురాముడు అడిగిన వరమే వాళ్ళూ అడుగుతున్నారు. తీర్పు చెప్పేటోళ్ళల్ల మనోళ్ళూ ఉంటరు.

తర్వాత తండ్రి చచ్చిపోయినప్పుడు ఈ కొడుకే ఇరవై ఒక్కసార్లు భూమంతా తిరిగి క్షత్రియుల్ని చంపాడు. తండ్రి పాణానికి అంత విలువ. తల్లి పాణానికి ఒక మరపు.

సాహిత్యంలో చెడ్డ మగవాళ్ళు ఉండొద్దని నేను అనను. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం ఉన్నాడు. ఆడవాళ్ళను మాటలతో బోల్తా కొట్టించే మనిషి. గురజాడ వాడి బండారం బయటపెట్టాడు, మనం నవ్వుతాం. అగ్నిహోత్రావధాన్లు రంకెలేస్తుంటే కూడా నవ్వుతాం. రాసినోడు ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. జమదగ్ని దగ్గర మాత్రం నవ్వడానికి లేదు, చేతులు జోడించాలె. ఆయన కోపం తపస్సు కిందికి వస్తది. మా వాడల మొగోళ్ళ కోపానికేమో సారా పేరు చెప్తారు.

మా అమ్మమ్మ చెప్పే తీరు వేరు. కొడుకు గొడ్డలి పట్టుకొని వెంటపడితే ఎల్లమ్మ ఉరుక్కుంట మాదిగవాడకు వచ్చింది. ఊరంతా తలుపులేసుకుంటే ఒక మాదిగామె తలుపు తీసి లందకాడ దాచింది. పరశురాముడు వచ్చి ఇద్దరినీ నరికిండు. బతికించేటప్పుడు తలలు తారుమారైనయి. "తల ఆమెది, పెయ్యి మనది" అనేది అమ్మమ్మ. అలంపురంలో స్థలకథ ఇంకో తీరుగ ఉంది. అక్కడ తల దళితవాడకు పోయి ఎల్లమ్మయింది, మొండెం భూదేవయింది. తల లేని ఆ రాతిబొమ్మను పండితులు లజ్జాగౌరి అంటారు. పిల్లలు లేనోళ్ళు మొక్కేది ఆ మొండేనికే. ఎట్ల చెప్పినా ఆడిది రెండు ముక్కలే.

తల ఆమెది, పెయ్యి మనది అన్న మాట మా అమ్మమ్మకు ఊరికే రాలేదు. మా పెద్దమ్మకు పదేండ్లప్పుడు ఎల్లమ్మ పేరు మీద జోగిని పట్టం కట్టిన్రు. మొక్కు దేవతకు, పెయ్యి పటేండ్లకు. ఉత్సవంల దేవతని ఆమె ముందు వంగి మొక్కినోళ్ళే రాత్రికి తలుపు కొట్టేది. జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం 1988లో వచ్చింది. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. బడి రిజిస్టరులో వాళ్ళకు తండ్రి పేరు కాడ ఖాళీ.

మన దళిత సాహిత్యం ఈ ఖాళీని చూసిందా అంటే, చూసింది గాని పక్కకు తిరిగి చూసింది. మన కవుల్లో చాలామంది దగ్గర తల్లి ఉంది, చెల్లె ఉంది. తల్లి కష్టపడ్డది, చెల్లె చెరచబడ్డది. ఆ తర్వాత కొడుకు లేస్తడు, గొడ్డలి పడతడు, పాట అంతా వాడిదే. తల్లి నోటి నుంచి ఒక్క మాట రాదు. బ్రాహ్మడి పరశురాముణ్ణి తిట్టుకుంటనే గొడ్డలి పట్టిన కొడుకునే మళ్ళా నాయకుణ్ణి చేసుకున్నం. ఇది చెప్తే ఉద్యమాన్ని చీలుస్తున్నవంటరు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో 'నల్లపొద్దు' వచ్చినంక గాని, దళిత స్త్రీలు 1921 నుంచే రాస్తున్నరన్న సంగతి నాలాంటోళ్ళకు ఒక్కచోట కనపడలేదు. ఆ పుస్తకం నేను బి.ఇడిలో చదివిన. అది చదివినంకనే పెద్దమ్మ గురించి రాయొచ్చని ధైర్యమొచ్చింది.

ఇప్పుడు అచ్చంపేట దిక్కు హైస్కూల్లో తెలుగు చెప్తున్న. పరశురాముడి మాట వచ్చినప్పుడల్లా ఆ నలుగురి పేర్లు బోర్డు మీద రాస్త. మొన్న తొమ్మిదో తరగతిలో అమ్మమ్మ కథ కూడా చెప్పిన. వాడ నుంచి వచ్చే ఒక పిల్ల లేచి అడిగింది.

"మేడం, తలుపు తీసినామె పేరేంది?"

మాతంగి అంటరు కొందరు, అది కులం పేరే గాని ఆమె పేరు గాదన్న. ఆమెను బతికియ్యమని ఎవరూ వరం అడగలేదని కూడా చెప్పిన. బైండ్లోళ్ళను అడిగి చూద్దాం అన్న.

"నేను మా తాతను అడిగిన మేడం. కథల లేదు బిడ్డా అన్నడు."