పెనుకొండలో ‘పల్లి పల్లి’

పోయిన నెల మా అక్కయ్య కొడుకును చూడడానికి పెనుకొండ వెళ్ళాను. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తరలివచ్చిన ఊరు. కొండమీద కోట ఇంకా ఉంది. కింద మాత్రం, 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన తర్వాత, రోడ్డు పక్కన కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి.

మావాడిది వేరే కొరియా కంపెనీ; పేరెందుకు లెండి. వాడి నోట మాటిమాటికీ ‘పల్లి పల్లి’ అని వస్తూంటే, వేరుసెనగ పండే సీమ కదా, పల్లీల బేరమేమో అనుకున్నాను.

‘‘కాదు మామయ్యా, కొరియా భాషలో త్వరగా, త్వరగా అని!’’ అని నవ్వాడు.

ఆఫీసు ఆరింటికి వదిలిపెడతారంటే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. వాడు ఎనిమిదిన్నరకు వచ్చాడు.

‘‘అంత పనుందిరా?’’

‘‘పనేం లేదు. మా కొరియా మేనేజరు లేవందే మేము లేవకూడదు.’’

‘‘ఎవరన్నారలా?’’

‘‘ఎవరూ అనరు. అదే తంటా!’’

‘‘ఆయనా కూర్చుంటున్నాడు కదా పాపం, పెళ్ళాం బిడ్డల్ని సియోల్‌లో వదిలి!’’ అన్నాను. ఇక్కడ ఎనిమిదిన్నరంటే అక్కడ అర్ధరాత్రి.

‘‘నిజమే. కాని కూర్చున్నందుకు ఆయన పై మెట్టెక్కుతాడు. మేమెంతసేపు కూర్చున్నా ఈ కుర్చీయే. పై కుర్చీల్లోకి అక్కణ్ణుంచే వస్తారు.’’

వారానికి 52 గంటలకు మించి పని చేయించరాదని ఆ దేశంలో 2018లోనే చట్టం చేశారు. మనుషులతోపాటు ఆ చట్టం విమానమెక్కలేదు కాబోలు!

ఊరికి రాగానే అక్కయ్య ‘‘వాడెలా ఉన్నాడురా?’’ అంది.

‘‘జీతం వేళకే ఇస్తున్నారు’’ అన్నాను. వాణ్ణి ఇంటికి ఏ వేళకు పంపిస్తున్నారో మాత్రం చెప్పలేదు.