పంపు మానేస్తారు, పొయ్యి మానరు

"పంపు అలవాటైతదట గద సారూ!"

సూరత్‌లో ప్రాక్టీసు పెట్టుకున్న తెలుగు డాక్టరుకు ఈ మాట వినకుండా చలికాలం గడవదు. పంపంటే ఇన్‌హేలర్. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ గల్లీల్లో తరాలుగా ఉంటున్నాయి. వాళ్ళ పిల్లల కోసం మునిసిపాలిటీ తెలుగు మీడియం బళ్ళు కూడా నడుపుతోంది. చేమగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. నూలు పోయి పాలియెస్టర్ వచ్చింది. మనవలు గుజరాతీలో పోట్లాడుకుంటున్నారు. పంపు అలవాటైపోతుందన్న భయం మాత్రం నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, దారిలో ఎక్కడా దిగకుండా, భద్రంగా ఇక్కడికి చేరింది.

నలభై ఏళ్ళుగా తెల్లవారకముందే లేచి అంటించే పొయ్యి మాత్రం ఎవరికీ అలవాటు కింద లెక్కలోకి రాదు. దాన్ని మానమంటే నన్ను వింతగా చూస్తారు. పంపు మానొద్దని నేను మొత్తుకుంటే మానేస్తారు, పొయ్యి మానమని మొత్తుకుంటే మానరు. ఈ రెండు మొత్తుకోళ్ళ మధ్యే నా డిసెంబరూ జనవరీ అయిపోతాయి.

ఒక అవ్వ ఉంది. బయట బెంచీ మీద కూర్చున్నప్పుడే ఆమె పిల్లికూతలు నా గదిలోకి వినిపిస్తాయి. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదులుతుంటుంది. "ఇంట్లో ఎవరైనా పొగ తాగుతారా అవ్వా?" అంటే కోపమొచ్చింది. "ఛీ, మా ఇంట్ల బీడీ ముట్టినోడు లేడు." నిజమే చెప్పింది. కానీ కుడి మణికట్టు వెనకాల మిరియపు గింజంత మచ్చలు, నున్నగా మెరుస్తూ, ఏడెనిమిది ఉన్నాయి. కరిగిన పాలియెస్టర్ చుక్కలు పడితే అలాంటి మచ్చలే పడతాయి. చీర కొంగుకు కూడా నిప్పురవ్వల చిల్లులు.

ఆమె ఇంటికి వెళ్ళి చూశాను. ఒకటే గది, పైన అటక. గడప పక్కనే ఇటుకల మీద నీళ్ళు కాచే రాగి బాయిలరు. దాని కిందకి పార్సిల్ పెట్టెల చెక్కలు, సగం తడిసినవి. అవి ఒక పట్టాన అంటుకోవు గనుక చిందీ. సూరత్ బట్టల మార్కెట్లలో మిగిలే పీలికల్ని చిందీ అంటారు. అది అణాపైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. చిందీ భగ్గుమని అంటుకుని, నల్లటి పొగ వదిలి, బొట్లు బొట్లుగా కారుతుంది. గల్లీలో గాలి ఆడదు, పొగంతా గదిలోకే. దోమలొస్తాయని కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది. అటక మీద నైట్ షిఫ్టు దిగి వచ్చిన కొడుకు పడుకుంటాడు. అదే అటక మీద, బట్ట కప్పి పెట్టి, గ్యాసు సిలిండరు.

"మరి ఇది?"

"చుట్టాలొస్తే చాయ్ పెట్టనీకి."

సూరత్ చలి ఎంతని? జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఆ చలి కోసం ఊరంతా ఎదురు చూస్తుంది. లేత జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి, గింజలు దులిపి, పోంక్ అని లొట్టలేసుకుంటూ తింటారు. మన ఊస బియ్యమే. ఇంత సుఖమైన చలికి ఒక ఆడమనిషి ఊపిరితిత్తులు ఆహుతి కావడం నాకు ఎంతకీ మింగుడుపడదు.

జబ్బు పేరు సీఓపీడీ. ఏళ్ళ తరబడి పొగ పీల్చగా ఊపిరి గొట్టాలు లోపల వాచి, జిగట పట్టి, సన్నబడతాయి. వాటి చివరనున్న గాలి సంచుల గోడలు చితికిపోతాయి. అప్పుడు గాలి లోపలికి పోవడం కన్నా బయటికి రావడమే కష్టమవుతుంది. చితికిన సంచులు తిరిగి రావు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పిన మాట. ధైర్యానికి ఇంకో మాట: పొగ ఆగితే నష్టం నెమ్మదిస్తుంది, మందు క్రమం తప్పకుండా పీలిస్తే ఆయాసం తగ్గి మళ్ళీ మెట్లెక్కొచ్చు.

పరీక్ష కూడా సులువే. గొట్టంలోకి బలంగా ఊదాలి. మొదటి సెకనులో వచ్చిన గాలి, మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కన్నా తక్కువుంటే గొట్టాలు మూసుకుపోతున్నట్టు. మందు పీల్చాక కూడా అలాగే ఉంటే అది సీఓపీడీ. అవ్వకు ఎలా ఊదాలో ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి మా టెక్నీషియన్ పిల్ల "పొయ్యి ఊదినట్టు ఊదవ్వా" అంది. ఒక్క దెబ్బకు సరిగ్గా ఊదింది. సగం కూడా రాలేదు.

పంపు రాశాను, దానికి తగిలించే స్పేసరు గొట్టంతో ఎలా పీల్చాలో చూపించాను, స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించమన్నాను, ఫ్లూ టీకా వేశాను. పది రోజులకు కూత తగ్గింది. తగ్గింది కాబట్టి పంపు మానేసింది. నెల తిరక్కుండా మళ్ళీ బెంచీ మీద.

పంపు గురించి జనంలో ఉన్న భయాలకు అంతు లేదు. గుండె దడ వస్తుందట, ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా వదలదట, అది ఆఖరి మందట. అయ్యా, సాల్బుటమాల్ ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములు. అదే మందు పెద్ద గోలీలో 4 మిల్లీగ్రాములు, అంటే నలభై రెట్లు. గోలీ రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి, పీల్చింది నేరుగా అక్కడికే పోతుంది. అయినా మనవాళ్ళకు నలభై రెట్ల గోలీ అంటే భయం లేదు, నూరు మైక్రోగ్రాముల పీల్పంటే వణుకు. పొడి పీల్చే పరికరానికని ఇచ్చిన క్యాప్సూళ్ళను ఒకాయన నెల రోజులూ పాలతో మింగి, "మీ మందు పని చెయ్యలే సారూ" అని నా మీదికే వచ్చాడు.

పంపు మానేసినవాళ్ళు ఊరుకోరు, గల్లీ చివర సూది వేసే ఆయన దగ్గరికి వెళతారు. చదువు సంగతి ఆయనా చెప్పడు, వీళ్ళూ అడగరు. ఆ సూదితో సాయంత్రానికల్లా హాయిగా ఉంటుంది. స్టెరాయిడ్ మరి, ఉండకేం చేస్తుంది? ఏడాది తిరిగేసరికి చక్కెర పెరిగి, ఎముకలు గుల్లబారి, ముఖం ఉబ్బి వస్తారు. సూది అలవాటైపోతుందని మాత్రం ఒక్కరూ అనరు.

ఇంకో ముచ్చట చెప్పాలి. తిట్టడానికి నోరు రాని ముచ్చట.

పదిహేను రోజుల బాలింతను ఆటోలో తీసుకొచ్చారు. తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరిగి పడిపోయింది. పసిబిడ్డ మత్తుగా ఉంది, పాలు తాగడం లేదు. దిష్టి అని ఎర్రనీళ్ళు తీశారు, ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేశారు. నేను వేలికి ఆక్సిజన్ మిషను పెడితే 99 చూపించింది. "మంచిగనే ఉన్నది గద" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం బాలింత చీరకు సాంబ్రాణి, బొగ్గు కలిసిన వాసన తగిలింది. మంచం కింద కుంపటి పెట్టారా అని అడిగాను. తలుపు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, రాత్రంతా పెట్టారు.

బొగ్గు గాలి చాలక కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. వేలి మిషనుకు ఈ రెండింటి మధ్య తేడా తెలియదు, అందుకే 99 అని నమ్మబలుకుతుంది. మామూలు గాలిలో రక్తంలోని ఆ విషం సగానికి తగ్గాలంటే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంటన్నర లోపే తగ్గుతుంది. తల్లికీ బిడ్డకూ ఆక్సిజన్ పెట్టి పెద్దాసుపత్రికి పంపాం. ఇద్దరూ బతికారు. మర్నాడు అమ్మమ్మ వచ్చి చేతులు జోడించి, "అయితే పిల్లకు సెగ ఎట్ల బిడ్డా? పచ్చి ఒళ్ళు గద" అంది. ఆమె గొంతులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. రబ్బరు సంచిలో వేడినీళ్ళు పోసి గుడ్డ చుట్టి పెట్టమన్నాను. బిడ్డ పక్కన మాత్రం కాదు, తల్లికే. బిడ్డకు తల్లి ఒంటి వేడి చాలు.

పొయ్యి పొగ సంగతి మనకు కొత్తగా తెలిసిందేమీ కాదు. బీడీ, సిగరెట్టు ముట్టని ఆడవాళ్ళకు కూడా ఊపిరితిత్తుల జబ్బు ముదిరి గుండె దెబ్బతింటోందనీ, వంటపొయ్యి పొగను అనుమానించాలనీ ఢిల్లీ నుంచి డాక్టర్ ఎస్. పద్మావతి 1959లోనే రాశారు. 1980ల మొదట్లో కర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త గుజరాత్ పల్లెలకే వచ్చి, వంట చేసే ఆడవాళ్ళ ఒంటికే పరికరాలు తగిలించి పొగను కొలిచాడు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చలిదేశాల వాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. ఇంగ్లండులో 2021 మే నుంచి ఇళ్ళలో కాల్చుకోవడానికి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించకూడదన్నారు. మా గల్లీలో పెట్టె చెక్కల మీద వాన పడిందా మంచు పడిందా అని అడిగే నాథుడు లేడు.

సూరత్‌కు శుభ్రత చేతకాదని ఎవరూ అనలేరు. 1994లో ప్లేగు వస్తే జనం రైళ్ళ నిండా ఊరొదిలి పారిపోయారు. మరుసటి ఏడాది మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఊరి ముఖమే మార్చేశారు. 2019లో ఈ ఊళ్ళోనే, ప్రపంచంలో మొట్టమొదటిసారిగా, మిల్లులు వదిలే నుసికి కోటా పెట్టి, ఆ కోటాను కొనుక్కునే అమ్ముకునే పద్ధతి తెచ్చారు. చిమ్నీలకు మీటర్లు బిగించారు, నుసి తగ్గింది. మిల్లు చిమ్నీ నుంచి ఎంత నుసి పోతోందో ఆఫీసులో కూర్చుని చూడొచ్చు. అదే మిల్లు బట్ట పీలిక గడప పక్కన కాలితే మాత్రం దాని లెక్క అవ్వ ఊపిరితిత్తుల్లోనే రాసి ఉంటుంది.

ఇంతకీ తిట్టాల్సింది అవ్వనా? ఆ వేడినీళ్ళు ఎవరికి? పన్నెండు గంటల షిఫ్టు దిగిన కొడుక్కి, బడికి పోయే మనవలకు, చన్నీళ్ళు పడని ఆమె ఇంటాయనకు. ఆఖరున అవ్వ వంతు వచ్చేసరికి అడుగున గోరువెచ్చటివి రెండు చెంబులు మిగులుతాయి. పోసుకునేవాళ్ళు ఒకరు, పొగ పీల్చేవాళ్ళు ఇంకొకరు. సిలిండరు దించొద్దని చెప్పిందీ పోసుకునేవాళ్ళే. అందుకే ఇప్పుడు నేను మందుల చీటీ అవ్వ చేతికివ్వడం మానేశాను. కొడుకును పిలిపిస్తాను.

అతనికి చెప్పేవి ఇవి. చిందీ కాల్చడం ఈ రోజే ఆపాలి, ఆ పొగ కన్నా కట్టె పొగ నయం, కట్టె పొగ కన్నా గ్యాసు నయం. ఇంట్లో గ్యాసే లేనివాళ్ళు ఈ ఊరి అడ్రసు కాగితాలు లేవనొద్దు. వలస వచ్చినవాళ్ళు తమ అడ్రసు తామే రాసిస్తే చాలని, పేద ఇళ్ళకు గ్యాసు ఇచ్చే ఉజ్వల పథకం రెండో విడతలో, 2021లో, వీలు కల్పించారు. అదీ కుదరకపోతే గుర్తింపు కార్డు చూపించి 5 కిలోల చిన్న సిలిండరు కొనుక్కోవచ్చు. కిలోల లెక్కన దొంగచాటుగా నింపించొద్దు, అది పేలుతుంది. గ్యాసు గీజరు పెడితే బాత్రూం లోపల కాదు, బయట పెట్టాలి. లోపల పెడితే కుంపటి చేసిన పనే అదీ చేస్తుంది. కొన్నాళ్ళు కట్టెలు తప్పవంటే ఎండిన కట్టెలే వాడాలి, పొయ్యి మేడ మీద ఆరుబయట పెట్టాలి, అంటించేది నువ్వే. మీ అమ్మ పంపు మాత్రం పొయ్యి ఆరినా ఆపొద్దు, నేను చెప్పేదాకా.

కొడుకు బుద్ధిగా విన్నాడు. అన్నిటికీ తలూపాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "గ్యాసు మీద ఆర్గురికి నీళ్ళు కాగవెడ్తె సిలిండరు ఎన్నొద్దులు వస్తది సారూ?" అన్నాడు. అయితే వయసులో ఉన్నవాడివి, నువ్వు చన్నీళ్ళు పోసుకో అన్నాను. జెరమొస్తదన్నాడు. వస్తే నా దగ్గరికే రా, ఫీజు తీసుకోనన్నాను.

ఈ మాట ఆ ఒక్కడికే కాదు, ఆ తర్వాత చాలామంది కొడుకులకు ఇచ్చాను. చన్నీళ్ళ జ్వరమని ఇంతవరకూ ఒక్కడూ రాలేదు. చన్నీళ్ళకు జ్వరం రాదు కాబట్టా, చన్నీళ్ళు ఎవడూ పోసుకోలేదు కాబట్టా అన్నది వచ్చే డిసెంబరులో ఆ బెంచీ మీద ఎవరెవరు కూర్చుంటారో చూస్తే తెలుస్తుంది.